కోసి తీసిన తిత్తిని చూసేదెవరు?

పోయినేడు ఎండకాలంల మా అక్కకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. గాల్ బ్లాడర్ అంటే పిత్తాశయం. కోడిని కోసినప్పుడు కార్జం పక్కన పచ్చగ ఒక చేదు తిత్తి కనిపిస్తది కదా, పలిగితే కూరంత చేదైతదని మెల్లగ తీసి పారేస్తం, అదే. మనిషికి గూడ కాలేయం కింద అట్లాంటిదే ఉంటది. మా అక్క తిత్తిల రాళ్లు చేరినయి. రెండేండ్లు గ్యాస్ నొప్పి అనుకుంట గోలీలు మింగింది. ఆఖరికి ఒక రాత్రి నొప్పికి మెలికలు తిరిగితే ఒక ప్రైవేట్ దవాఖానకు తీస్కపోయినం.

ఆపరేషన్ అయినంక థియేటర్ లోపలి నుంచి ఒక పిలగాడు వచ్చి నా చేతిల ప్లాస్టిక్ డబ్బా పెట్టిండు. డబ్బాల తిత్తి, పక్కన చిన్న కవర్ల రాళ్లు. చుట్టాలందరు రాళ్లనే చూసిన్రు. ఎన్ని ఉన్నయో లెక్క పెట్టిన్రు, ఫోన్లల్ల ఫొటోలు తీసిన్రు. తిత్తిని ఎవ్వరం చూడలే. టెస్టుకు పంపుతరా, వద్దా అని ఆ పిలగాడు అడిగిండు. పంపితే పైసలు వేరే అట, ల్యాబ్‌కు మనమే తీస్కపోవాలట. అప్పటికే అప్పు తెచ్చి బిల్లు కట్టినం. నిజం ఒప్పుకుంటున్న, వద్దని చెప్పనీకి నేను నోరు తెరిచిన.

అప్పుడు మా యూనియన్ల పనిచేసిన ఒకామె యాదికొచ్చింది. ఆమెకు గూడ ఇదే ఆపరేషన్ అయింది. తీసిన తిత్తిని ఎవ్వరు ల్యాబ్‌కు పంపలే. పది నెలలకు కండ్లు పచ్చబడ్డయి. స్కానింగ్ తీస్తే కాలేయం నిండ గడ్డలు. క్యాన్సర్ అన్నరు. రెండు నెలలకే పోయింది. తీసిన రోజే ఆ తిత్తిల క్యాన్సర్ ఉండెనా, అప్పుడే తెలిస్తే అమ్మ బతికేదా అని ఆమె బిడ్డ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె. ఇయ్యాలటికీ లేదు. చూసినోళ్లే లేరు, ఇగ చెప్పేటోళ్లు ఎక్కడి నుంచి వస్తరు?

డబ్బా పట్టుకొని ల్యాబ్‌కు పోయిన. అక్కడ కూసున్నాయన మూత తీసి చూసి కోపం చేసిండు. డబ్బాల ఉత్త నీళ్లే ఉన్నయి. ఫార్మాలిన్ పోయాలె, లేకుంటే కండ కుళ్లిపోయి ఏం కనిపియ్యదని చెప్పి, అప్పటికప్పుడే మార్చిండు. ఎనిమిది రోజులకు రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్ లేదు, పాత వాపు మాత్రమే. ఊపిరి పీల్చుకున్నం. కానీ రిపోర్టుల ఒక మాట కాడ ఆగిన. రోకిటాన్స్కీ ఆషాఫ్ సైనసులు అని రాసి ఉంది. అదేదో కొత్త రోగం అనుకున్న. ఎరుకున్న డాక్టరమ్మను అడిగిన. భయపడకు, వాపుతోని తిత్తి లోపలి పొర గోడలకు దిగబడి గుంతలు పడతది, దాన్ని చూసిన డాక్టర్ల పేర్లవి అని చెప్పింది.

నేను పదో తరగతి కాడనే చదువు బంద్ చేసినోన్ని. తెల్వని మాట దొరికితే దాని ఎంట పడి వెతుకుడు నాకు అలవాటు. రోకిటాన్స్కీ వియన్నాల మస్తు పేరున్న పాథాలజిస్ట్. ఆయన గురించి చదువుకుంట పోతే, అంతటి మనిషిని ఎదిరించి రాసిన పాతికేండ్ల పిలగాడొకడు తగిలిండు. పేరు రుడాల్ఫ్ విర్కో. ఉన్న కణం నుంచే కొత్త కణం పుడతదని బడి పుస్తకాల్ల చదువుకుంటం కదా, ఆ పాఠంల వచ్చే మనిషి ఈయనే. ఆయన బతుకు చదివినంక, మా అక్క డబ్బా నాకు వేరే తీరుగ కనిపించింది. అందుకే ఇది రాస్తున్న.

విర్కో 1821 అక్టోబర్ 13న పుట్టిండు. ఊరు షివెల్‌బైన్. అప్పటి ప్రష్యా రాజ్యంల పొమెరేనియా అనే ఇలాఖా అది. ఇయ్యాల ఆ ఊరు పోలండ్‌ల ఉంది, పేరు స్విద్విన్. నాయిన ఎవుసం చేసుకుంట ఊరి ఖజానా లెక్కలు చూసేటోడు. ఇంట్ల పైసలు అంతంతే. తెలివైన పేదింటి పిలగాండ్లను చదివించి మిలటరీ డాక్టర్లను చేసే సంస్థ ఒకటి బెర్లిన్‌ల ఉండె. 1839ల విర్కో అందుల చేరిండు. 1843ల డాక్టర్ అయిండు. అక్కడి షారిటే దవాఖానల రాబర్ట్ ఫ్రోరీప్ అనే సారు శవపరీక్షల విభాగం చూసేటోడు. ఆయన కాడనే విర్కో చేతికి మైక్రోస్కోప్ వచ్చింది. 1846ల ఆ సారు కుర్చీ గూడ విర్కోకే వచ్చింది.

అప్పటి డాక్టర్లల్ల శానామంది, రోగమంటే ఒంట్లె ద్రవాలు చెడుడే అని నమ్మేటోళ్లు. మన కాడ వాతం, పిత్తం, కఫం అన్నట్టే అనుకోండ్రి. పిత్తం చేసింది అనే మాట మన ఇండ్లల్ల ఇంకా పోలే. వేల శవాలను కోసి చూసిన రోకిటాన్స్కీ గూడ, రక్తంల కలిసిన పదార్థాలు చెడితే రోగాలు పుడతయని సిద్ధాంతం కట్టిండు. విర్కో 1846ల దాన్ని ఉతికి ఆరేసిండు. కండ్లతోని చూసింది చెప్పాలె గానీ ఊహించింది సైన్స్ అని అమ్మొద్దనేది ఆయన వాదన. రోకిటాన్స్కీ తన పుస్తకం తర్వాతి అచ్చుల ఆ సిద్ధాంతాన్నే తీసేసిండు. పెద్ద కుర్చీల కూసున్నోడు చిన్నోడి మాట విని తప్పు దిద్దుకునుడు మనం రోజు చూసేది కాదు. మరుసటేడు, 1847ల, విర్కో బెన్నో రైన్‌హార్ట్ అనే దోస్తుతోని కలిసి సొంతంగ ఒక వైద్య పత్రిక పెట్టిండు. ఆ పత్రిక ఇయ్యాలటికీ ఆయన పేరు మీదనే నడుస్తున్నది.

1848 మొదట్ల ఎగువ సైలీషియాల టైఫస్ జ్వరం చెలరేగింది. పోలిష్ భాష మాట్లాడే పేద రైతుల, కూలీల ఇలాఖా అది. కరువు, దాని ఎనుక జ్వరం. వేల మంది సచ్చిపోతున్నరు. పేపర్లల్ల వార్తలొచ్చినంక సర్కారు కదిలి విర్కోను పంపింది. మూడు వారాలు ఊర్లు తిరిగిండు. గుడిసెలల్లకు పోయి చూసిండు. ఏం తింటున్నరు, ఎంత మంది ఒక్క రూముల పంటున్నరు, జమీందారులు ఏం చేస్తున్నరు, బడి ఏ భాషల నడుస్తున్నది అని రాసుకున్నడు. వాపసొచ్చి రిపోర్ట్ ఇచ్చిండు. సర్కారు మందు పేరు అడిగితే, ఆయన హక్కుల పేర్లు రాసిండు. పూర్తి ప్రజాస్వామ్యం, వాళ్ల భాషలనే చదువు, రోడ్లు, పన్నుల భారం పేదోని మీదికెళ్లి తీసుడు. జ్వరం పుట్టిన తావు పేదరికం అని సర్కారు మొఖం మీదనే చెప్పిండు. అప్పటికి ఆయనకు 26 ఏండ్లు.

ఆయన వాపసొచ్చిన వారం పది రోజులకే, మార్చి 18న, బెర్లిన్ల తిరుగుబాటు లేసింది. విర్కో జనంతోని కలిసి బారికేడ్ల మీద నిలబడ్డడు. ఆ ఏడే వైద్య సంస్కరణ అనే పేరుతోని వారపత్రిక తెచ్చిండు. దవాఖానలు, డాక్టర్లు, పేదల ఆరోగ్యం గురించి అందుల రాసిండు. ఏడాది ఆడిందో లేదో పత్రిక బంద్ అయింది. తిరుగుబాటు గూడ అణిగింది. 1849ల సర్కారు ఆయనను కొలువు నుంచి పక్కకు పెట్టింది. బెర్లిన్ వదిలి వూర్ట్స్‌బుర్గ్ అనే ఊరికి పోయి ప్రొఫెసర్ అయిండు. ఉద్యమం ఓడిపోయినంక ఏం చేయాలె అనే ప్రశ్న మాకు గూడ ఎరుకే. విర్కో మైక్రోస్కోప్ ముందట కూసున్నడు. ఏడేండ్లు పనిచేసిండు.

1856ల బెర్లినే ఆయనను మళ్ల పిలిచింది. పాథాలజీకి సొంత బిల్డింగ్ కట్టిస్తెనే వస్తనని షరతు పెట్టి వచ్చిండు. 1858ల డాక్టర్ల ముందట 20 ఉపన్యాసాలు చెప్పి, వాటినే పుస్తకంగ అచ్చేసిండు. సారం ఒక్కటే. రోగం ద్రవాల్ల లేదు, ఆత్మల లేదు, కణాల్ల ఉంది. కణం మారితే రోగం. ఆ మార్పు మైక్రోస్కోపుల కనిపిస్తది. అంటే ఒంట్లెకెళ్లి చిటికెడు కండ తీసి చూస్తే రోగం పేరు చెప్పొచ్చు. ఇయ్యాల మనం బయాప్సీ అని పిలిచే పరీక్షకు పునాది అదే. రక్త క్యాన్సర్‌కు లుకేమియా అనే పేరు పెట్టింది, రక్తం గడ్డ ఒక తావున పుట్టి ఇంకో తావుకు కొట్టుకపోయి నాళం మూస్తదని తేల్చింది గూడ ఈయనే.

ఇగ మా అక్క తిత్తి ముచ్చట. విర్కో 1857ల పిత్తాశయం లోపలి పొర మీదనే ఒక చిన్న వ్యాసం రాసిండు. ఆ పొర కణాల్ల కొవ్వు చేరుడు గురించి అందుల చెప్పిండు. అప్పటికి బతికున్న మనిషి పిత్తాశయాన్ని పూర్తిగ తీసే ఆపరేషనే లేదు. అది 1882 జులై 15న మొదలైంది. బెర్లిన్లనే, లాజరస్ దవాఖానల, కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ చేసిండు. పేషెంట్ 43 ఏండ్ల మనిషి, ఏండ్ల నుంచి రాళ్ల నొప్పితోని బక్కచిక్కినోడు. అంతకు ముందు సర్జన్లు రాళ్లు తీసి తిత్తిని ఉంచేటోళ్లు, మళ్ల రాళ్లు వచ్చేటివి. రాళ్లు పుట్టేది ఆ తిత్తిలనే కదా, తిత్తినే తీసేద్దామని లాంగెన్‌బుక్ తెగించిండు. ముందు శవాల మీద చేసి చేయి తిప్పుకున్నడు. ఆ పేషెంట్ బతికిండు. ఇయ్యాల మన జిల్లా టౌన్లల్ల గూడ చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్ అక్కడి నుంచి వచ్చిందే.

తీసిన తిత్తిని ల్యాబ్‌ల ఏం చేస్తరో నేను అడిగి తెలుసుకున్న. ముందు ఫార్మాలిన్ల నానబెడతరు. కండ కుళ్లకుండ ఫార్మాలిన్ వాడొచ్చని 1893ల జర్మనీకే చెందిన ఫెర్డినాండ్ బ్లూమ్ చెప్పిండు. తర్వాత పొడుగు కొలుస్తరు, నిలువున కోసి తెరుస్తరు. గోడ ఎంత మందం, యాడన్న గట్టిపడ్డదా, లోపలి పొర మీద పిలక లెక్క ఏమన్న లేసిందా అని కంటితోని, వేలుతోని చూస్తరు. అడుగు, నడుమ, మెడ, గొట్టం కోసిన కొస కాడికెళ్లి ముక్కలు తీస్తరు. మైనంల పోసి, మిల్లీమీటర్‌ల వందో వంతు గూడ ఉండని మందంతోని పలుచటి పొరలు కోసి, రంగు అద్ది మైక్రోస్కోప్ కింద పెడతరు. విర్కో 1876ల శవపరీక్ష ఎట్ల చేయాలెనో ఒక పుస్తకం రాసిండు. ప్రతి అవయవం విడిగ తీయాలె, తెరవాలె, రాయాలె, ఏ ఒక్కటి విడిచిపెట్టొద్దనేది అందులున్న పద్ధతి. మా అక్క రిపోర్ట్‌ల వరుస చూస్తే ఆ క్రమమే కనిపించింది.

ఎందుకింత పని అంటే, పిత్తాశయం క్యాన్సర్ దొంగ లెక్క వస్తది. మొదట్ల నొప్పి ఉండదు, ఉన్నా రాళ్ల నొప్పే అనుకుంటం. స్కానింగ్ల గూడ తప్పించుకుంటది. రాళ్ల కోసం తీసిన తిత్తులల్ల వందకు ఒకటి అటు ఇటుగ, అనుకోకుండ క్యాన్సర్ బయటపడతది. చాన చోట్ల అంతకన్న తక్కువే. మన దేశంల గంగ ఒడ్డు రాష్ట్రాల్ల ఎక్కువ, మన దక్షిణాన తక్కువ. ఆడోళ్లకు ఎక్కువ. క్యాన్సర్ లోపలి పొర కాడనే ఉంటే తిత్తి తీసుడే వైద్యం, అయిపోయింది. కండ పొర దాంక దిగితే మళ్ల ఆపరేషన్ చేసి కాలేయంల కొంత భాగం, చుట్టూ ఉన్న గ్రంథులు తీయాలె. ఆ సంగతి చెప్పేది స్లైడ్ ఒక్కటే. చూడకుంటే ఆ రెండో ఆపరేషన్ గురించి ఆలోచించేటోడే ఉండడు.

చూసుడుకు గూడ ఒక హద్దు ఉంది. అది విర్కో బతుకులనే దెబ్బ కొట్టి చెప్పింది. 1887ల జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయింది. జర్మన్ డాక్టర్లు క్యాన్సర్ అని గొంతు కోసి ఆపరేషన్ చేద్దామన్నరు. ఇంగ్లండ్ నుంచి మోరెల్ మెకంజీ అనే డాక్టర్ వచ్చి, ముందు ముక్క తీసి చూద్దామన్నడు. ముక్కలు విర్కో కాడికి పోయినయి. వాటిల క్యాన్సర్ కనిపియ్యలే, అదే రాసిండు. తన కాడికొచ్చిన ముక్కల గురించే చెప్పగలనని, వాటిని చూసి రోగం మొత్తం గురించి తేల్చలేనని గూడ రాసిండు. కానీ ఆ రెండో మాటను పట్టించుకున్నోళ్లు తక్కువ. ఆపరేషన్ ఆగింది. ఫ్రెడరిక్ 1888 మార్చిల చక్రవర్తి అయిండు, 99 రోజులు ఏలిండు, జూన్ 15న పోయిండు. శవపరీక్షల విర్కో గూడ ఉన్నడు. గొంతుల క్యాన్సర్ ఉంది.

ఆ ముచ్చట చదివినప్పుడు నాకు డబ్బాల పోసిన నీళ్లు యాదికొచ్చినయి. ల్యాబ్ దాని ముందటికి వచ్చిందే చూస్తది. చక్రవర్తి గొంతుకెళ్లి చిన్న ముక్కలే తీయగలిగిన్రు, మొత్తం తీస్తే ప్రాణానికే ముప్పుండె. మన పిత్తాశయం అట్ల కాదు. మొత్తం తీసి బల్ల మీద పెట్టినంక గూడ చూడకపోవుడు ఎవరి తప్పు?

విర్కో ల్యాబ్‌లనే కూసున్నోడైతే ఈ కాలంల ఆయన గురించి నేను రాయకపోదును. 1859ల బెర్లిన్ నగర సభకు ఎన్నికైండు, సచ్చేదాంక అక్కడ పనిచేసిండు. 1861ల ప్రోగ్రెస్ పార్టీ పెట్టినోళ్లల్ల ఒకడు. ప్రష్యా చట్టసభల బిస్మార్క్ మిలటరీ ఖర్చును నిలదీసిండు. కోపంతోని బిస్మార్క్ 1865ల ద్వంద్వ యుద్ధానికి పిలిచిండు, విర్కో పోలే. పంది మాంసంల ఉండే ట్రికినెల్లా పురుగు మనిషికి ఎట్ల ఎక్కుతదో పట్టుకొని, మాంసం తనిఖీ కోసం కొట్లాడిండు. బెర్లిన్ వీధుల్ల మురుగు పారుతుంటే, ఇంజినీర్ జేమ్స్ హోబ్రెక్ట్‌తోని కలిసి భూమి లోపలి మోరీలు తెప్పిచ్చిండు. జర్మన్ జాతి స్వచ్ఛమైనదని గొప్పలు చెప్పేటోళ్లు మొదలైతే, 67 లక్షలకు పైగ బడి పిల్లల జుట్టు, కండ్లు, తోలు రంగు లెక్క తీయించి, స్వచ్ఛమైన జాతి అనేదే లేదని చూపిచ్చిండు. జ్వరమైనా, జాతి గర్వమైనా ఆయన పని తీరు ఒక్కటే. ముందు చూడు, ఆ తర్వాత మాట్లాడు.

అట్లని ఆయన దేవుడు కాదు. చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతరని చెప్పిన సెమ్మెల్‌వైస్ మాటను ఆయన ఒప్పుకోలే. రోగాలకు సూక్ష్మక్రిములు కారణమని కోచ్ లాంటోళ్లు చూపిస్తుంటే మస్తు అనుమానపడ్డడు. కణం విడిపోయి రెండైతదని తన కన్న ముందే చూపిన రాబర్ట్ రేమాక్ అనే యూదు శాస్త్రవేత్తకు దక్కాల్సిన పేరు దక్కనియ్యలే. చూడాలె అని లోకానికి చెప్పినోడు గూడ కొన్నిటి కాడ కండ్లు మూసుకున్నడు. అది గూడ యాది పెట్టుకోవాలె.

1899ల పాథాలజీ మ్యూజియం తెరిచిండు. అందుల 20 వేలకు పైగ అవయవాల నమూనాలు పెట్టి, మామూలు జనం గూడ వచ్చి చూడాలని కోరుకున్నడు. 1902 జనవరిల, 80 ఏండ్ల వయసుల, నడుస్తున్న ట్రామ్ మీదికెళ్లి దుంకి తొడ ఎముక ఇరగ్గొట్టుకున్నడు. మళ్ల కోలుకోలే. సెప్టెంబర్ 5న పోయిండు.

ఇప్పుడు మన కాడికి వద్దాం. అన్ని తిత్తులను పరీక్ష చేసుడు పైసలు దండుగ అనే డాక్టర్లు ఉన్నరు. నెదర్లాండ్స్ లాంటి తావుల్ల అనుమానం ఉన్నవాటినే ల్యాబ్‌కు పంపే పద్ధతి ఉంది. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. పాథాలజిస్టులు తక్కువ, పని ఎక్కువ. కానీ ఆ పద్ధతికి ఒక షరతు ఉంది. సర్జన్ థియేటర్లనే తిత్తిని తెరిచి, లోపలి పొర చూసి, వేలుతోని తడిమి, ఏం లేదని కాయితం మీద రాయాలె. అట్ల చూసినా కొన్ని తొలిదశ క్యాన్సర్లు కంటికి చిక్కవు. మా అక్క విషయంల తిత్తిని ఎవరు తెరవలే. పంపాల్నా వద్దా అని నిర్ణయం చేసింది డాక్టర్ కాదు, నా జేబు. పైసలున్నోని తిత్తి ల్యాబ్‌కు, లేనోని తిత్తి చెత్తబుట్టకు పోతే దాన్ని వైద్య పద్ధతి అని ఎట్ల అంటం?

కాబట్టి అడిగేది పెద్దదేం కాదు. సర్కారు స్కీముల్లనైనా, ప్రైవేట్ ప్యాకేజీల్లనైనా ఆపరేషన్ ఖర్చులనే ఈ పరీక్ష ఉండాలె. డబ్బాల ఫార్మాలిన్ పోసేది, ల్యాబ్‌కు పంపేది దవాఖాన పని, చుట్టాల పని కాదు. రిపోర్ట్ వచ్చినంక పేషెంట్‌ను పిలిచి మన భాషల చెప్పాలె. మనం గూడ ఆపరేషన్ ముందే అడగాలె. తీసిన తిత్తి ఎక్కడికి పోతది, రిపోర్ట్ ఎప్పుడొస్తది అని. రిపోర్ట్ చేతికొచ్చేదాంక దవాఖాన ఫైలు మూసెయ్యొద్దు. రాళ్ల ఫొటో కాదు, ఆ కాయితం దాచుకోవాలె.

మా యూనియన్ ఆమె బిడ్డకు నేను ఒక జవాబు బాకీ ఉన్న. ఆ బాకీ ఇగ తీరది, ఆ తిత్తి ఏ చెత్తల కలిసిందో ఎవరికీ ఎరుక లేదు. ఇంకో ఇంట్ల ఇంకో బిడ్డ అదే ప్రశ్న అడిగితే మాత్రం, చూసినం అని చెప్పేటోడు ఒకడు ఉండాలె.